ఉత్తరాంధ్ర పాముల పుస్తకాన్ని పురస్కారానికి పంపడం: నా అనుభవం

జంతువుల మీద రాసిన పుస్తకాలకు పురస్కారాలు ఇచ్చేవాళ్లు రెండు రకాలు. కొందరు రాత ఎలా ఉందో చూస్తారు. ఇంకొందరు ఈ పుస్తకం రాకముందు ఎవరికీ తెలియని సంగతి ఇందులో ఏముందని అడుగుతారు. ఉత్తరాంధ్రలో కనిపించే ముప్పై పైచిలుకు పాముల మీద తెలుగులో చేతిపుస్తకం తయారుచేసి పురస్కారానికి పంపినప్పుడు, మేం ఈ రెండో ప్రశ్ననే ముందు పెట్టుకుని పని మొదలుపెట్టాం. అచ్చయ్యాక ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటే దొరకదు. ఇలాంటి పుస్తకం చేస్తున్నవాళ్లకు ఎక్కడెక్కడ తడబడతామో ముందే తెలిస్తే మేలని ఇది రాస్తున్నాను.

రెండో రకానికి నాకు తెలిసిన చక్కటి ఉదాహరణ ఆస్ట్రేలియాలోని విట్లీ అవార్డులు. రాయల్ జువాలజికల్ సొసైటీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ వీటిని 1979 నుంచి ఇస్తోంది. వీటికి పేరిచ్చిన గిల్బర్ట్ విట్లీ సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంలో చేపల విభాగం చూసుకున్న శాస్త్రవేత్త, ఆ సొసైటీ ప్రచురణలకు చాలాకాలం సంపాదకుడు. ఆస్ట్రలేసియా ప్రాంతపు జంతుజాలం గురించి పుస్తకంలో కొత్త సమాచారం ఉండాలన్నది వాళ్ల ప్రధాన నిబంధన. ఫీల్డ్ గైడ్, పిల్లల పుస్తకం, ప్రకృతి చరిత్ర లాంటి విభాగాలుంటాయి. అన్నిటికీ పైన విట్లీ మెడల్. ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్రిటన్‌లో విట్లీ ఫండ్ ఫర్ నేచర్ ఇచ్చే విట్లీ అవార్డు వేరు. అది క్షేత్రంలో పనిచేసే సంరక్షకులకు ఇచ్చేది. అస్సాంలో హర్గిలా అనే పెద్ద కొంగల కోసం పాటుపడిన పూర్ణిమాదేవి బర్మన్‌కు 2017లో వచ్చింది ఆ అవార్డు. నెట్‌లో వెతికితే రెండూ కలగాపులగంగా వస్తాయి, ఏది ఎవరికో చూసుకోవాలి.

మన కొండల పాముల పుస్తకాన్ని సిడ్నీకి పంపడానికి లేదు, ప్రాంతమే వేరు. కొలబద్దగా మాత్రం ఆ నిబంధన బాగా పనికొచ్చింది. తెలుగు పుస్తకానికి మన దగ్గర తెరిచి ఉన్న తలుపులు ఎక్కువగా సాహిత్యానివే. సాహిత్య అకాడమీ చూసేది సాహిత్య విలువ. పిల్లల కోసం రాస్తే 2010లో మొదలైన బాల సాహిత్య పురస్కారం ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ మేదినీ పురస్కారం హిందీలో రాసిన పుస్తకాలకు. ఇక మిగిలేవి ట్రస్టులు, సాహిత్య సంస్థలు ఏటా పత్రికల్లో ప్రకటించే పురస్కారాలు. వాటిలో మన పుస్తకం 'ఇతర ప్రక్రియలు' అనే గంపలో పడుతుంది. అదే గంపలో యాత్రా చరిత్ర, వంటల పుస్తకం, ఆత్మకథ కూడా ఉంటాయి. తూచేవాళ్లలో జంతుశాస్త్రం తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటారన్న నమ్మకం లేదు. కాబట్టి పుస్తకంలో కొత్తది ఏమిటో, ఏ పేజీలో ఉందో మనమే చూపించాలి. దీని సంగతి కింద మళ్లీ చెప్తాను.

మొదటి పని ప్రాంతం గీత గీసుకోవడం. 'ఆంధ్రప్రదేశ్ పాములు' అని పేరు పెట్టడం తేలిక, నిలబెట్టడం కష్టం. రాష్ట్రం మొత్తానికి నమోదులు లేకపోతే పటంలో సగం భాగం ఊహే అవుతుంది. మేం తీరం నుంచి అరకు, పాడేరు కొండల దాకా తీసుకున్నాం. అక్కడా ఒక చిక్కు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత నమోదుల్లో 'విశాఖపట్నం జిల్లా' అని ఉన్నది ఇప్పుడు విశాఖపట్నమో, అనకాపల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లానో ఏదైనా కావచ్చు. అరకులో దొరికిన పాము తీరప్రాంతపు జిల్లా ఖాతాలోకి పోతుంది. జిల్లా పేరు మీద ఆధారపడిన ప్రతి నమోదునూ విప్పి, ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, నెల, చూసిన మనిషి అని ఆరు గడుల్లో రాసుకున్నాం. ఊరు తేలని నమోదును పటంలో చుక్కగా పెట్టకుండా పక్కన పెట్టేశాం. తెలంగాణలో పనిచేసేవాళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. అక్కడ 10 జిల్లాలు 33 అయ్యాయి.

అక్షాంశ రేఖాంశాలు ఎంత వివరంగా అచ్చు వేయాలన్నది ఇంకో ప్రశ్న. దశాంశం తర్వాత రెండు అంకెలిస్తే దాదాపు కిలోమీటరు దగ్గరికి తీసుకెళ్లినట్టు. ఒక్క అంకెతో ఆపితే 11 కిలోమీటర్ల గడి. ఎవరూ ఎత్తుకుపోని నీరుకట్టుకు రెండంకెలిచ్చినా ఫర్వాలేదు. రెండు తలల పామంటూ బేరాలు పెట్టే ఇసుక పాముకు మాత్రం ఒక్క అంకె కూడా ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాం, మండలం పేరుతో సరిపెట్టాం. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఉండే నీలి సాలీడు విషయంలో ఇది ఎంత అవసరమో ఆ అడవులు తెలిసినవాళ్లకు తెలుసు. గుత్తి (ఇంగ్లిష్‌లో గూటీ) పేరుతోనే లోకమంతా పిలిచే ఆ సాలీడు అంతరించే ప్రమాదం అంచున ఉంది, పెంపుడు జీవుల వ్యాపారంలో దానికి గిరాకీ. చోటు బయటపెట్టిన పుస్తకాన్ని ఏ కమిటీ మెచ్చుకున్నా నేను మెచ్చుకోలేను.

ఇక పేర్లు. ఈ పుస్తకంలో నిజంగా కొత్తది ఇక్కడే ఉంది, అందుకే ఎక్కువ రోజులు పట్టింది. శాస్త్రీయ నామాలు ఇంగ్లిష్ పుస్తకాల్లో దొరుకుతాయి. ఏ ఊళ్లో ఏ పామును ఏమంటారన్నది ఎక్కడా ఒక్కచోట లేదు. రక్తపింజర ఒకచోట పొడపాము. రాచనాగు కొండ దగ్గర గిరినాగు. ఒకే పేరు రెండు పాములకు ఉండటం అన్నిటికంటే ప్రమాదం. 'కట్లపాము' అని చూపించిన వాటిలో కట్లపామును పోలిన, విషం లేని లైకోడాన్ పాములు చాలా ఉన్నాయి. అందుకని పేరు అడిగినప్పుడు నోటిమాటగా రాసుకోకుండా, ఫొటోల కట్ట ముందు పెట్టి 'ఇందులో ఏది?' అని అడిగాం. పేరు చెప్పి ఫొటో చూపించమంటే ఒక జవాబు, ఫొటో చూపించి పేరడిగితే ఇంకో జవాబు వస్తాయి. రెండూ కలిసినప్పుడే పుస్తకంలోకి ఎక్కించాం. ఒక ఊళ్లో ముగ్గురు వేర్వేరుగా చెప్పాలి, ఒకే గుంపులో కూర్చున్న ముగ్గురు లెక్కలోకి రారు.

తెలుగు పేర్లకు శాస్త్రంలో ఉన్న విలువ పాతదే. 1781లో విశాఖపట్నం వచ్చిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో లండన్‌లో పుస్తకం వేసినప్పుడు, బొమ్మల కింద ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లనే పెట్టాడు. రక్తపింజరకు ఆయన రాసిన పేరు 'కాటుకరేకుల పొడ'. వీపు మీద నల్లటి అంచు గీసిన మచ్చల్ని చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. పసుపు, నలుపు పట్టీల పాముకు 'బంగారు పాము' అని రాశాడు. 1803లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డోడాన్ ఆ మాటనే తీసుకుని మొత్తం ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు కట్లపామైనా ఆ తెలుగు మాటనే మోస్తోంది. మా పుస్తకం చివరి స్థానిక నామాల సూచికకు ముందు ఈ సంగతి పెట్టాం. పేర్ల సేకరణను జానపద సరదాగా కొట్టిపారేసేవాళ్లకు అదే జవాబు.

ఒక్కో పాముకు రెండు పేజీలు. తెలుగు పేర్లు, శాస్త్రీయ నామం, సగటు పొడవు, గరిష్ఠ పొడవు, పొలుసుల వరసలు, రంగు, పోలిన పాములు, ఉండే చోటు, తిరిగే వేళ, గుడ్లా పిల్లలా, విషం. ఈ క్రమం ఎక్కడా తప్పకూడదు. చదివేవాడు రెండు పాముల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాడు కాబట్టి ఒకదానికి పొలుసులు చెప్పి ఇంకోదానికి చెప్పకపోతే పుస్తకం పనికిరాదు.

కట్లపాము పేజీ మీద మేం పడ్డ కష్టం చెప్తాను, మిగతావన్నీ దాని లాంటివే. మొదటి రాతప్రతిలో 'నల్లని ఒంటిమీద తెల్లని పట్టీలు' అని ఉంది. ఆ మాట లైకోడాన్‌కూ సరిపోతుంది. రెండోసారి ఇలా మార్చాం: కట్లపాముకు మెడ దగ్గర పట్టీలు ఉండీ లేనట్టుగా ఉండి తోకవైపు తేటపడతాయి, చాలాసార్లు జంటలుగా వస్తాయి. లైకోడాన్‌కు ముందువైపు స్పష్టంగా ఉండి తోకవైపు చెదిరిపోతాయి. బాగుందనుకున్నాం. పరిశీలనకు పంపితే పాముల శాస్త్రవేత్త ఎర్ర సిరాతో రాసి పంపారు: పిల్ల కట్లపాముకు పట్టీలు మెడ దగ్గర నుంచే స్పష్టంగా ఉంటాయి, మీ సూత్రం నమ్మినవాడు కట్లపాము పిల్లను చేత్తో పట్టుకుంటాడు. మూడోసారి పొలుసులకు వెళ్లాం. కట్లపాము వెన్ను మధ్యలో ఒక వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరు పలకలవి. లైకోడాన్‌కు అలా ఉండవు. ఒంటి మధ్యన చుట్టూ లెక్కిస్తే కట్లపాముకు మామూలుగా 15 వరసలు, లైకోడాన్‌కు 17. తోక కింద పొలుసులు కట్లపాముకు ఒక్కొక్కటే, లైకోడాన్‌కు రెండుగా చీలి ఉంటాయి. తోక కింద చూడటం, వరసలు లెక్కించడం చచ్చిన పాముకే సాధ్యం, అందుకని ఆ రెంటినీ 'నమూనా చేతిలో ఉన్నప్పుడు' అనే గడిలోకి మార్చి, వెన్ను పొలుసును మాత్రం పెద్ద బొమ్మగా వేశాం. దాని కిందే లావు అక్షరాల్లో: అనుమానం ఉంటే కట్లపామే అనుకోండి, దూరంగా ఉండండి.

పరిశీలకులు ముగ్గురు కావాలి. ఒకరు పాముల శాస్త్రం తెలిసినవాళ్లు, ఒకరు ఆ కొండల్లో తిరిగినవాళ్లు, ఒకరు పాముకాటు కేసులు చూసే వైద్యులు. వైద్యుల్ని వదిలేసిన పుస్తకాలు నా చేతికి వచ్చాయి, చదివితే భయం వేసింది. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కనురెప్పలు వాలిపోవడం, కడుపునొప్పి తర్వాత మొదలవుతాయి. 'కాటు చోట వాపు లేకపోతే విషం ఎక్కనట్టే' అనే ఒక్క వాక్యం మనిషి ప్రాణం తీస్తుంది. గట్టిగా కట్టు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంతే రాశాం. పసిరిక పామును 'విషం లేనిది' అని రాసిన చోట 'కొద్దిపాటి విషం, కోరలు వెనకవైపు, మనిషికి ప్రాణాపాయం లేదు' అని మార్పించారు.

శాస్త్రీయ నామాల దగ్గర, చట్టం దగ్గర పాత పుస్తకాల నుంచి ఎత్తిరాస్తే దొరికిపోతాం. నీరుకట్టు ఒకప్పుడు జెనోక్రోఫిస్, ఇప్పుడు ఫౌలియా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కు 2022లో వచ్చిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగయ్యాయి, చాలా జీవుల స్థానాలు మారాయి. 'షెడ్యూల్ 5' అని కనిపించిందంటే ఆ పేజీని ఎవరూ సరిచూడలేదని తెలిసిన పరిశీలకుడికి అర్థమైపోతుంది.

ఫొటోల్లో మూడు తప్పులు పదేపదే వస్తాయి. ఒకటి, వేరే రాష్ట్రంలో తీసిన ఫొటో పెట్టడం. పాముల రంగు చోటును బట్టి మారుతుంది, ప్రాంతీయ పుస్తకంలో అది తప్పుడు సాక్ష్యం. ప్రతి ఫొటో కింద ఊరు, నెల వేస్తే ఈ తప్పు చేయలేం. రెండు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో వాడటం. నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల బొమ్మ అచ్చులో సరిగా రావాలంటే 1200కు 1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్ మామూలుగా పంపితే దాన్ని కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనాలి. మూడు, అనుమతి నోటిమాటగా తీసుకోవడం. ఈ ముద్రణకే కాదు, మలిముద్రణకు, ఈ-పుస్తకానికి, పురస్కార సంస్థ ప్రచారానికి కూడా అని కాగితం మీద రాయించుకోవాలి. ప్రవేశపత్రంలో 'హక్కులన్నీ నావే' అని సంతకం పెట్టమంటారు, అప్పుడు గుర్తొస్తే ఆలస్యం.

కట్లపాము ఫొటో అచ్చులో ఇంకో బాధ పెట్టింది. ఫ్లాష్ వేసి తీస్తే ఒళ్లు మెరిసి పొలుసులు కనపడవు. ఫ్లాష్ లేకుండా తీసినది నాలుగు రంగుల అచ్చులోకి వచ్చేసరికి నీలినలుపు పోయి తారు ముద్దలా అయింది. నాలుగు సిరాలూ కలిపి మొత్తం 300 శాతం దాటితే సిరా కాగితం మీద నిలిచిపోయి వివరం మూసేస్తుంది. నీడభాగాలు తేలిక చేసి మళ్లీ ప్రూఫు తీయించాం. కంప్యూటర్ తెర మీద చూసి సంతకం పెట్టకూడదు, అచ్చయ్యే కాగితం మీదే ప్రూఫు చూడాలి.

డీటీపీ సంగతి. చాలా చోట్ల ఇంకా అను ఫాంట్లలోనే కూరుస్తారు. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెల్లాచెదురవుతాయి, మార్చకపోతే సూచికను కంప్యూటర్ అక్షరక్రమంలో పేర్చలేదు. మేం మొదటి నుంచీ యూనికోడ్‌లో చేయించాం. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి, ప్రతి కొత్త పేరాగ్రాఫ్ స్టైల్‌కూ అది ఉందో లేదో చూసుకోవాలి.

పేజీలు 16 గుణిజంలో ఉండాలి. మాది 176, అంటే సరిగ్గా 11 ఫారాలు. ఆర్ట్ పేపరుకు జిగురు సరిగా పట్టదు కాబట్టి వట్టి గమ్ బైండింగ్ ఎండల్లో విడిపోతుంది. ఫారాలు కుట్టించి ఆ తర్వాత అట్ట వేయించాం. ఖర్చు పెరిగింది కానీ పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది, పొలంలో ఒక చేత్తో పట్టుకోవచ్చు.

ఐఎస్‌బీఎన్ రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అడగాలి. అది చేతికొచ్చాకే అచ్చుకు వెళ్లాలి, తర్వాత చీటీ అతికించిన పుస్తకం చూడటానికి బాగుండదు. 1954 చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టంలో చెప్పిన మిగతా మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. రసీదులు దాచుకోండి, ఎప్పుడు ప్రచురించారన్న ప్రశ్న వస్తే అవే సాక్ష్యం.

ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పురస్కారాలు ఫలానా నెల నుంచి ఫలానా నెల మధ్య వచ్చిన మొదటి ముద్రణనే అడుగుతాయి. ముద్రణ వివరాల పేజీలో డీటీపీ మొదలుపెట్టిన నెల అలాగే ఉండిపోవడం చాలా మామూలు. తప్పులు దిద్ది వందో రెండువందలో కాపీలు వేసి 'రెండో ముద్రణ' అని రాసి, ఆ ప్రతుల్నే పంపితే మొదటి వడపోతలోనే పక్కకు పోతాయి. మొదటి ముద్రణ ప్రతులు పదైనా విడిగా కట్టి పెట్టుకోవాలి. ప్రకటన వచ్చేనాటికి మన దగ్గర మిగిలేవి సాధారణంగా అట్ట నలిగినవే.

పురస్కార సంస్థవాళ్లు నాలుగు ప్రతులు అడిగారు. ప్రతి దాంట్లోనూ ఒకే ఒక్క కాగితం పెట్టాం. అందులో పొగడ్త లేదు. ఈ పుస్తకంలో ఇంతవరకు అచ్చులో లేనివి ఇవి అని ఐదు వరసలు, పక్కన పేజీ అంకెలు: స్థానిక నామాల సూచిక, ఎత్తును బట్టి పటాలు, పాత జిల్లాల నమోదుల్ని మండలాలకు సరిచేసిన పట్టిక, నెలలవారీగా కనిపించిన లెక్క, కట్లపాము లైకోడాన్ పోలిక. తీర్పు చెప్పే మనిషి తెలుగు పండితుడైనా, జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకుడైనా ఆ పేజీలు తెరిచి చూసుకోవచ్చు. ముందుమాటలు మూడున్న పుస్తకం కంటే ఈ ఒక్క కాగితం ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. నవలలు, కవితా సంపుటాలు ఒకవైపు, మా పుస్తకం ఒకవైపు ఉన్న చోట 'ఇతర ప్రక్రియలు' విభాగంలో బహుమతి వచ్చింది. పాముల పుస్తకాన్ని పాముల పుస్తకంగా తూచే విభాగం తెలుగులో ఒక్కటైనా ఉండాలని అప్పుడు ఇంకా గట్టిగా అనిపించింది. జంతుశాస్త్ర శాఖలున్న విశ్వవిద్యాలయాలు పూనుకుంటే అది పెద్ద ఖర్చు కూడా కాదు.

ప్రతులు పంపేశాక మాకు రెండు తప్పులు కనపడ్డాయి. ఒక పటంలో చుక్క పక్క మండలంలో పడింది, ఒక పాము గరిష్ఠ పొడవు దగ్గర మీటర్లకు బదులు అడుగులని అచ్చయింది. దాచలేదు. అరపేజీ తప్పొప్పుల పట్టిక అచ్చువేసి, పుస్తకం పేరు, పేజీ, వరస అంకెలతో ఆ సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, అమ్మకానికి ఉన్న ప్రతి కాపీలో అట్ట లోపలివైపు అతికించాం. ముందు పంపిన గ్రంథాలయాలకూ ఒక్కొక్కటి పంపాం.